రెండు సర్టిఫికెట్లు, ఒకే సంతకం: నవోదయ విద్యాలయ సమితికి బహిరంగ లేఖ

నవోదయ విద్యాలయ సమితి కమిషనర్ గారికి,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. నోయిడాలో మీ ఆఫీసులో దీన్ని చదివే దిక్కు ఉంటుందా అని మా ఇంట్లోవాళ్ళు నవ్వారు. మీ ఆరో తరగతి ప్రవేశ పరీక్షను పదేళ్ళ పిల్లలు తెలుగులో రాయవచ్చని మీరే చెప్పారు కదా, అరవై దాటిన నేను రాస్తే తప్పేముంది అనుకున్నాను. హైదరాబాద్‌లో మీ ప్రాంతీయ కార్యాలయం ఉంది. చదివి చెప్పేవాళ్ళు దొరుకుతారు.

నేను ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి 2025లో రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా బయటికి చెప్పలేని సంగతి ఒకటి ఉంది. ముందు అది చెప్పేస్తాను. 2024లో మీ దరఖాస్తుల గడువు నడుస్తున్నప్పుడు నేను ఒకే రోజు, ఇద్దరు పిల్లలు ఏ బడిలో చదివారో ధ్రువీకరించే సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టాను. ఒకదాంట్లో ఉన్నది అక్షరాలా నిజం. రెండోదాంట్లో ఉన్నది అబద్ధం. నిజం ఉన్న కాగితం ఆ పిల్లకు నష్టం చేసింది. అబద్ధం ఉన్న కాగితం ఆ పిల్లాడికి కలిసొచ్చింది. ఆ రెంటినీ వేరు చేసే పద్ధతి మీ దగ్గర లేదు, అబద్ధం రాసిన నాకైతే సిగ్గు తప్ప వేరే శిక్ష పడలేదు.

పిల్ల పేరు చెప్పను. చిట్టి అనుకోండి. వాళ్ళ అమ్మానాన్నలు పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచే మనుషులు. మా దగ్గర వర్షాలు మొహం చాటేస్తే ఇళ్ళకు తాళాలు పడతాయి. కొందరు బొంబాయి పోతారు, కొందరు పూణే పోతారు, ఇప్పుడు ఎక్కువమంది హైదరాబాద్‌లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉంటారు. చిట్టి మూడో తరగతిలో ఉండగా దసరా అయ్యాక వాళ్ళు ఆ పిల్లను కూడా వెంట తీసుకుపోయారు. ముసలమ్మకు ఒంట్లో బాగాలేదు, పిల్లను ఎవరి దగ్గర వదులుతారు? సాధారణంగా ఇలా పోయిన పిల్లలు ఇటుకల మధ్య ఆడుకుంటూ ఏడాది పోగొట్టుకుంటారు. చిట్టి అదృష్టం కొద్దీ, షెడ్ల దగ్గరికి వచ్చిన ఒక టీచరమ్మ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని దగ్గర్లోని సర్కారు బడిలో కూర్చోబెట్టింది. ఐదు నెలలు అక్కడ చదివింది. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు గానీ మనసులో దండం పెట్టుకున్నాను. నాలుగో తరగతికి చిట్టి మళ్ళీ మా బడికే వచ్చింది.

ఐదో తరగతిలో నవోదయ దరఖాస్తు నింపడానికి మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కు పోయాం. నేను, చిట్టి, వాళ్ళ నాయనమ్మ. మూడో తరగతి ఎక్కడ చదివింది, గ్రామీణమా పట్టణమా అన్న గడి వచ్చింది. మీ నిబంధన మీకు తెలియంది కాదు: మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలో చదివితేనే గ్రామీణ అభ్యర్థి. మధ్యలో ఒక్క రోజు పట్టణపు బడిలో ఉన్నా పట్టణ అభ్యర్థే. నెట్ సెంటర్ పిల్లవాడు నా మొహం చూసి, "సార్, థర్డ్ క్లాస్ గూడ రూరల్ అని కొట్టెయ్యాల్నా? ఎవరు సూస్తరు?" అన్నాడు. నేను వద్దన్నాను. రికార్డులో టీసీ ఉంది, హైదరాబాద్ బడి ముద్ర ఉంది. అబద్ధం ఎందుకు రాయాలి అని పెద్ద ధర్మరాజులా చెప్పాను. చిట్టి పట్టణ అభ్యర్థి అయింది. రేకుల షెడ్డులో ఐదు నెలలు ఉన్నందుకు, జిల్లా సీట్లలో ముప్పావు వంతు గ్రామీణులకు పోగా మిగిలిన పావు వంతులో, టౌన్‌లో పుట్టి పెరిగిన పిల్లలతో ఆ పిల్ల పోటీ పడాలి.

నాయనమ్మ అడిగింది, "ఏమైంది సారూ, గడి తప్పు పడ్డదా?" అని. తప్పు పడలేదమ్మా, సరిగ్గానే పడింది అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

రెండో సర్టిఫికెట్ సంగతి. ఆ పిల్లాడి పేరు మా బడి రిజిస్టర్‌లో రెండో తరగతి నుంచీ ఉంది. నాలుగో తరగతి మధ్యలో వాళ్ళ నాన్న వచ్చాడు. ఆటో నడుపుతాడు, రెండెకరాల పొలం ఉంది. పిల్లాడిని నవోదయ, సైనిక్ స్కూల్ కోచింగ్ ఇచ్చే ఒక హాస్టల్‌లో వేస్తున్నాడట. "పేరు మీ బళ్ళెనే ఉండనీయుండ్రి సారూ. పిలగాడు ఆడ సదువుకుంటడు. హాజరు ఏస్తే సాలు." ఎందుకంటే ఆ కోచింగ్ గుర్తింపు ఉన్న బడి కాదు. మీ పరీక్ష రాయాలంటే ఐదో తరగతి ఎక్కడో ఒక గుర్తింపు పొందిన బడిలో చదువుతున్నట్టు ఉండాలి. అది పల్లెటూరి బడి అయితే గ్రామీణ కోటా కూడా వస్తుంది. ఒక్క పేరుతో రెండు పనులు.

నేను ఒప్పుకున్నాను. లంచం తీసుకోలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. నాకు పడిన లంచం వేరు. మా బడిలో పిల్లలు ఇరవై మూడు మంది. సంఖ్య తగ్గితే రేషనలైజేషన్‌లో ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరిని ఎత్తేస్తారు. ఇద్దరం ఐదు తరగతులు చెప్పడమే గగనం. ఒక్కరైతే అది బడి కాదు, పిల్లల కాపలా. ఇరవై మూడును ఇరవై మూడుగా ఉంచడం కోసం నేను కళ్ళు మూసుకున్నాను. ఇలాంటి లెక్కలు వేసుకునే హెడ్మాస్టర్‌ని నేనొక్కడినేనని అనుకోను.

ఏడాదికి పైగా ఆ పిల్లాడికి హాజరు వేశాను. ఒక్క చోట మాత్రం చెయ్యి ఆడలేదు. మధ్యాహ్న భోజనం లెక్క. లేని పిల్లాడి పేరు మీద బియ్యం రాస్తే అది దొంగతనం అనిపించింది. (లేని పిల్లాడికి హాజరు వేయడం ఏమిటో మరి. మనిషి బుద్ధి అలా పనిచేస్తుంది.) కాబట్టి మా బడి రికార్డుల్లో రోజూ హాజరు ఇరవై మూడు, భోజనం ఇరవై రెండు. ఎవరైనా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో దొరికిపోయేవాడిని. ఎవరూ పెట్టలేదు.

ఆ తండ్రిని తిట్టుకోకండి. కోచింగ్, హాస్టల్ కలిపి డెబ్బై వేలు అయిందని చెప్పాడు. అప్పు తెచ్చాడు. సీటు వస్తే ఆరు నుంచి పన్నెండు దాకా ఏడేళ్ళు చదువు, తిండి, బట్ట, పుస్తకాలు చూసుకునే సర్కారు బడి. ఆ లెక్కన డెబ్బై వేలు ఎక్కువా? బీదవాడు వేసుకున్న న్యాయమైన లెక్కే అది. నాకు కోపం ఉన్నది ఆ లెక్క వేయక తప్పని పరిస్థితి మీద.

ఈ ఇద్దరికంటే సుఖంగా ఉండే మూడో రకం కూడా ఉంది. మున్సిపాలిటీ బోర్డు దాటిన రెండు కిలోమీటర్లకు గ్రామ పంచాయతీ భూమిలో పెద్ద పెద్ద ఇంగ్లీష్ మీడియం బడులు కట్టారు. భూమి చవక కాబట్టి అక్కడ కట్టారు. టౌన్‌లో డాక్టర్ల పిల్లలు, వ్యాపారుల పిల్లలు పసుపు బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం వస్తారు. ఇల్లు టౌన్‌లో ఉన్నా బడి పంచాయతీలో ఉంది కాబట్టి వాళ్ళు గ్రామీణ అభ్యర్థులు. నిబంధన ప్రకారం వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. చిట్టి పట్టణం, వాళ్ళు పల్లె. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇప్పుడు పరీక్ష సంగతి.

2025 జనవరి 18, శనివారం. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు. పదకొండున్నరకు పరీక్ష, ఒంటిగంటన్నర దాకా. 80 ప్రశ్నలు, 100 మార్కులు. అంటే ప్రశ్నకు ఒకటింపావు మార్కు, నిమిషంన్నర సమయం. అందులో సగం, 40 ప్రశ్నలు, 50 మార్కులు, బొమ్మల ప్రశ్నలే. నాలుగు బొమ్మల్లో తేడా ఉన్నది ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడ పడతాయి, ఇలాంటివి. మిగతా సగంలో లెక్కలు, భాష.

ఈ బొమ్మల ప్రశ్నల వెనక ఉన్న ఆలోచన మంచిదే. మాటలు లేకుండా అడిగితే ఇంగ్లీష్ వచ్చినవాడికీ రానివాడికీ, ఉన్నింటి పిల్లకూ లేనింటి పిల్లకూ తేడా ఉండదనుకున్నారు. 1980ల్లో అది నిజమే అయి ఉంటుంది. అప్పుడు అలాంటి బొమ్మలు ఎవరి ఇంట్లోనూ ఉండేవి కావు. ఇప్పుడు కోచింగుల్లో బాగా అమ్ముడుపోయే సరుకే అది. లెక్కలు రాని పిల్లాడికి ఒక్క ఏడాదిలో లెక్కలు నేర్పడం కష్టం. బొమ్మల ప్రశ్నలు పది రకాలే. రకానికి వెయ్యి చొప్పున చేయిస్తే పిల్లాడు ఆలోచించనక్కర్లేదు, చూడగానే గుర్తుపడతాడు. అందరికీ సమానమని పెట్టిన భాగమే డబ్బు పెట్టి కొనుక్కోవడానికి అన్నిటికంటే వీలుగా తయారైంది.

చిట్టి ముగ్గులు బాగా వేస్తుంది. ఆ సంక్రాంతికి బడి ముందు పదిహేను చుక్కల ముగ్గు ఒక్కతే వేసింది. ఎడమ పక్క ఎలా తిప్పిందో కుడి పక్క అలాగే తిప్పింది, ఒక్క గీత పొల్లు పోలేదు. అద్దంలో బొమ్మ అంటే ఆ పిల్లకు పుస్తకంలో చెప్పాల్సిన పాఠం కాదు. డిసెంబర్‌లో నేను ఒక పాత పేపర్ జిరాక్స్ తీసి ఇచ్చాను. కాగితం మడిచే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. నోట్‌బుక్‌లోంచి పేజీ చింపి, మడిచి, పెన్సిల్‌తో పొడిచి, విప్పి చూసింది. "అబ్బ, నాలుగు పడ్డయి సారూ!" అని ఎగిరి గంతేసింది. ఒక్క ప్రశ్నకు ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో నేను చూసిన తెలివి నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎక్కువసార్లు చూడలేదు. మీ పరీక్ష ఇచ్చే నిమిషంన్నరలో అది పట్టదు.

పరీక్ష రాసి బయటికొచ్చాక అడిగాను, ఎట్ల రాసినవు బిడ్డా అని. బాగానే రాశానంది. గుండ్రాలు ఎలా నింపావంటే, చుక్కలు పెట్టానంది. ఓఎంఆర్ షీట్ మీద నిండా దిద్దాల్సిన గుండ్రాల్లో కొన్నింటికి ముగ్గు చుక్కల్లా సన్నటి చుక్కలు పెట్టింది, టైం అయిపోతుందన్న టెన్షన్‌లో. నేను ఒకటికి రెండుసార్లు చెప్పే పంపాను. కానీ నిజమైన ఓఎంఆర్ కాగితం ఆ పిల్ల చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారి. కోచింగ్ పిల్లాడు అప్పటికి ఎన్ని నింపి ఉంటాడో!

ఫలితాలొచ్చాయి. చిట్టికి రాలేదు. ఆ పిల్లాడికీ రాలేదు. వాడు రెండు రోజులు అన్నం తినలేదట. కాబట్టి ఇది మా పిల్ల సీటు ఫలానావాడు కొట్టేశాడన్న ఏడుపు కాదు. మీ నిబంధన ప్రకారం ఇద్దరికీ రెండో అవకాశం లేదు. పదో ఏట ఒక శనివారం, రెండు గంటలు, అంతే.

అయ్యా, పరీక్షే తీసేయమని నేను అనడం లేదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 మామూలు బడులు పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకోకూడదంటుంది. మొదటిసారి తప్పు చేస్తే 25,000 రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000. మీ బడులు అదే చట్టంలో ప్రత్యేక కేటగిరీలో ఉన్నాయి, మీ పరీక్ష నడుస్తోంది. నడవనివ్వండి. లాటరీ వేస్తే పోలా అని నా స్నేహితుడొకడు వాదించాడు. ఆరో తరగతికి లాటరీ నాకు నచ్చదు. చిట్టి లాంటి పిల్లను వెతికి పట్టుకోవడానికే కదా ఈ బడులు పెట్టింది. చీటీ తీస్తే ఆ పిల్లను వెతికినట్టు ఎలా అవుతుంది?

వెతకడం అన్న మాట ఊరికే వాడలేదు. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. ఆ మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. పల్లెల్లో చురుకైన పిల్లల్ని ఏరి, ఒక చోట ఉంచి, మంచి చదువు చెప్పాలన్న ఆలోచన అది. తర్వాత ఆయన ఢిల్లీలో మానవ వనరుల మంత్రి అయ్యాక దేశంలో నవోదయలు మొదలయ్యాయి. 1985-86లో ఝజ్జర్‌లో ఒకటి, అమరావతిలో ఒకటి (మన అమరావతి కాదు, మహారాష్ట్రది). ఇప్పుడు 650కి పైగా ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఇంకో 28కి ఒప్పుకుంటే అందులో ఏడు తెలంగాణకు వచ్చాయి. ఇన్నాళ్ళూ ఉమ్మడి జిల్లా మొత్తానికి వట్టెం నవోదయ ఒక్కటే దిక్కుగా ఉన్న మాకు మహబూబ్‌నగర్‌లో కొత్తది రావడం సంతోషమే. బడులు పెరుగుతున్నప్పుడే పద్ధతి కూడా సరిచేసుకోవాలి. బడికి 80 సీట్లు. ఆ 80 మంది ఎవరన్నదే అసలు సంగతి.

నేను అడిగేవి పెద్ద పెద్ద సంస్కరణలు కావు. గ్రామీణ కోటాలో కొంత భాగం, ఎంతన్నది మీరే తేల్చండి, మూడు నుంచి ఐదు దాకా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదివిన పిల్లలకు ఉంచండి. ఇది వింత కోరిక కాదు. బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో, పదో తరగతికి గ్రేడ్లు ఉన్న రోజుల్లో, సర్కారు బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. ఆ 0.4 లేకపోతే గడప తొక్కలేని పిల్లలు ఇంజనీర్లయ్యారు. తమిళనాడు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ బడి పిల్లలకు చట్టం చేసి మరీ ఇచ్చింది. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేం?

అలా చేస్తే కోచింగ్ పిల్లలందరి పేర్లూ సర్కారు బడి రిజిస్టర్లలోకి వచ్చి పడతాయని మీకు అనుమానం రావాలి. వస్తాయి కూడా. నాలాంటి హెడ్మాస్టర్లు ఉన్నంతకాలం వస్తాయి. అందుకే భోజనం లెక్క సంగతి అంత వివరంగా చెప్పాను. ఎంపికైన పిల్లల మటుకే చూడండి, జిల్లాకు 80 మంది. వాళ్ళలో ప్రభుత్వ బడి పేరుతో వచ్చినవాళ్ళ ఐదో తరగతి హాజరునూ ఆ బడి భోజనం లెక్కనూ పక్కపక్కన పెట్టించండి. బడికి పోయి ఆ తరగతి పిల్లల్నే అడగండి, ఫలానావాడు మీ పక్కన కూర్చునేవాడా అని. పిల్లలు అబద్ధం చెప్పరు, మేం చెబుతాం.

ఒక్క రోజు నిబంధనను మార్చండి. తల్లిదండ్రులు కూలికి వలస పోయినందువల్ల పట్టణపు సర్కారు బడిలో కొన్నాళ్ళు చదివిన పిల్లను గ్రామీణ అభ్యర్థిగానే లెక్కపెట్టండి. ఇంటి చిరునామా, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు ఊళ్ళోనే ఉంటాయి, చూసుకోవచ్చు. పంచాయతీ హద్దులో బడి ఉన్నంత మాత్రాన టౌన్ పిల్ల పల్లె పిల్ల కాదు. ఇల్లు ఎక్కడుందో కూడా చూడండి.

ఇక కాగితాలు. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఏడాదికి ఒకసారి, ఐదో తరగతి పిల్లలెంతమంది ఉంటే అన్ని, నమూనా ప్రశ్నల పుస్తకాలూ నిజమైన ఓఎంఆర్ షీట్లూ పంపించండి. వెబ్‌సైట్‌లో ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోండి అనకండి. మా బడిలో ప్రింటర్ లేదు. నేను తీయించిన జిరాక్స్‌లో నల్ల బొమ్మలు, చారల బొమ్మలు ఒక్కటిగానే పడ్డాయి. చిట్టి ఒక ప్రశ్నకు, "రెండూ ఒక్కతీరే ఉన్నయి సారూ" అంది. నాకూ అలాగే కనబడ్డాయి.

ఎంపికైన పిల్లల్లో ఎందరు ప్రభుత్వ బడి నుంచి వచ్చారు, ఎందరు ప్రైవేటు బడి నుంచి వచ్చారు అన్న లెక్కను జిల్లాల వారీగా ఏటా ఫలితాలతో పాటే ప్రకటించండి. ఆ లెక్క చూస్తే నేను చెప్పింది తప్పని తేలవచ్చు కూడా. తేలితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

చిట్టి ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో చదువుతోంది. మొన్న దసరాకు వాళ్ళ అమ్మానాన్నలు మళ్ళీ హైదరాబాద్ పోయారు. ఈసారి పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి పోయారు. టౌన్ బడిలో చదివితే నష్టమని నా నోటితో నేనే వాళ్ళకు చెప్పాను కదా. ఆరో తరగతికి ఆ నిబంధన వర్తించదని చెప్పినా వినలేదు.

నేను సంతకం పెట్టిన రెండు సర్టిఫికెట్ల నకళ్ళూ, ఆ ఏడాది భోజనం లెక్కల జిరాక్సులూ నా దగ్గర ఉన్నాయి. మీరు విచారణ వేస్తే తీసుకొస్తాను. పిల్లాడినీ వాళ్ళ నాన్ననూ ఇందులోకి లాగవద్దు, సంతకం నాది. పెన్షన్ మీద ఏదైనా కోత పడితే పడనివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు,
ఉమ్మడి పాలమూరు జిల్లా